వృద్ధులు లేచి నిలుచుటకు

రచ్చబండ నుండి లేచుటకు చేతికఱ్ఱను వెదకుకొను వృద్ధుని చూచి, వయసు మీదపడినదని ఊరకుందుము. పళ్ళెమును గూడ చూడవలెను. కుర్చీ నుండి చేతుల ఊతము లేక ఐదుమార్లు లేచి కూర్చుండుటకు 15 సెకండ్లు మించినచో, కండబలము తగ్గియుండవచ్చునని వైద్యులందురు.

కండకు మాంసకృత్తులు అవసరము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కను బట్టి 50 కిలోల మనిషికి దినమునకు సుమారు 42 గ్రాములు కావలెను. ఒక ముద్ద సంగటి, పలుచని పులుసుతో అది తీరదు. వేరుసెనగ గింజలలో దాదాపు నాలుగవ వంతు మాంసకృత్తులే. అనంతపురము మెట్టచేలలో పండిన ఆ గింజ బస్తాలకెక్కి మండీకి పోవుచున్నది. పండించిన ముసలివాని పళ్ళెములో మాత్రము కానరాదు! పండ్లూడినవారికి వేయించి దంచిన పొడిని సంగటిలో కలిపి పెట్టవచ్చును. మెత్తగా ఉడికిన ఉలవలు, పప్పు, గ్రుడ్డు, పాలు గూడ మేలు. మూత్రపిండముల జబ్బు కలవారు ముందుగా వైద్యుని అడుగవలెను.

సభ్యులు రాబోవు గ్రామసభలో ఒక గట్టి కుర్చీ, గడియారము ఉంచి, ప్రక్కన ఒకరిని పట్టుకొనుటకు నిలిపి, వృద్ధులను పరీక్షింపవచ్చును. లేవలేనివారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను.