మన వ్యాపారానికి ఏ డేటాబేసు?

డేటాబేసులకి కాపలా కాయడం నా వృత్తి. అమెరికాలో ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఆ పనితోనే పొట్ట పోసుకుంటున్నాను. అందుకని మనవాళ్ళెవరైనా కొత్తగా వ్యాపారం పెడితే, అది కిరాణా సరుకుల టోకు వర్తకమైనా, మందుల కొట్టైనా, కన్సల్టింగు కంపెనీ అయినా, నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఏ డేటాబేసు మంచిదండీ?" ఇది "ఏ కారు మంచిదండీ?" అని అడగడం లాంటిది. ఎవరు నడుపుతారు, ఎంత దూరం వెళ్ళాలి, మరమ్మతు ఎవరు చేస్తారు అన్నవి తెలియకుండా జవాబు చెప్పలేం. కాని ఏయే విషయాలు తూచి చూడాలో తెలిస్తే ఎవరి జవాబు వాళ్ళే చెప్పుకోవచ్చు.

ముందు మూలకథ. 1970లో ఐబీఎం వారి శాన్ హోజే ప్రయోగశాలలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసం ప్రచురించాడు. అంతవరకూ కంప్యూటరులోంచి సమాచారం తియ్యాలంటే అది ఏ అరలో, ఏ గొలుసు చివర ఉందో ప్రోగ్రాము రాసేవాడికి తెలిసి ఉండాలి. కాడ్ అన్నది ఏమిటంటే, సమాచారాన్ని పట్టికలుగా రాసుకోండి. ఏం కావాలో చెప్పండి. ఎలా వెతకాలో యంత్రానికి వదిలెయ్యండి అని. ఖాతాదార్లకి ఒక పట్టిక, సరుకులకి ఒకటి, అమ్మకాలకి ఒకటి. అమ్మకాల పట్టికలో ఖాతాదారు పేరూ చిరునామా మళ్ళీ మళ్ళీ రాయం, ఆయన నంబరు ఒక్కటే రాస్తాం. ఆయన ఇల్లు మారితే ఒక్కచోట దిద్దితే చాలు. ఈ రంగంలో చేసిన కృషికి 1981లో కాడ్‌కి ట్యూరింగ్ బహుమతి వచ్చింది. ఈ పట్టికలతో మాట్లాడడానికి అదే ప్రయోగశాలలో చేంబర్లిన్, బాయ్స్ 1974లో ఒక భాషని ప్రకటించారు. అదే ఇప్పటి ఎస్‌క్యూఎల్.

ఒరాకిల్, డీబీ2, ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అన్నీ ఈ చెట్టు కాయలే. వీటికి ఉమ్మడిగా ఉన్న గొప్ప గుణం ఒకటుంది. మన షావుకార్ల గుమాస్తాలు బేరం కుదరగానే ముందు చిట్టాలో రాసేవారు. తరవాత తీరిగ్గా ఆవర్జాలోకి ఖాతాలవారీగా ఎక్కించేవారు. ఆవర్జా రాత సగంలో ఆగిపోయినా చిట్టా చూసి పూర్తి చేసుకోవచ్చు. డేటాబేసూ అంతే. మార్పుని ముందు లాగ్ అనే చిట్టాలో డిస్కు మీద రాసుకుని, అప్పుడే "అయింది" అంటుంది. పట్టికలోకి ఎక్కించడం తరవాతి పని. సరుకు నిలవ తగ్గించి, ఖాతాదారు బాకీ పెంచే లోపున కరెంటు పోయిందనుకోండి. రెండూ జరిగినట్టు ఉంటుంది, లేదా రెండూ జరగనట్టు ఉంటుంది. సగం సగం మాత్రం ఉండదు. "ఎక్సెల్ చాలదా?" అనేవారికి నా జవాబు ఇదే.

ఈ పరీక్షలో మైఎస్‌క్యూఎల్ ఒకప్పుడు నెగ్గేది కాదు. 1995లో పుట్టిన ఈ డేటాబేసు తేలికగా, వేగంగా ఉండడం వల్ల వెబ్‌సైట్లవాళ్ళకి ముద్దుబిడ్డ అయింది. కాని అప్పట్లో అడక్కుండా ఇచ్చే మైఐసామ్ పట్టికలకి పైన చెప్పిన హామీ లేదు. 2010లో వచ్చిన 5.5 నుంచి ఆ హామీ ఉన్న ఇన్నోడీబీ పట్టికలే మామూలయ్యాయి. పట్టనంత పొడుగు పేరు ఇస్తే తోక కత్తిరించి దాచుకునే అలవాటు కూడా 2015లో వచ్చిన 5.7తో మామూలు అమరికలో పోయింది. కనుక ఆ పాత అపవాదు ఇప్పుడు చెల్లదు.

ఇక ధర. ఒరాకిల్ మొదటిసారి 1979లో అమ్మకానికి వచ్చింది. పెద్ద బరువులు మోయడంలో దాని సత్తా గురించి నాకు సందేహం లేదు. కాని దాని ఎంటర్‌ప్రైజ్ రకానికి జాబితా ధర చాలా ఏళ్ళుగా ప్రాసెసరుకి 47,500 డాలర్లు. ఇంటెల్ యంత్రంలో రెండు కోర్లని ఒక ప్రాసెసరుగా లెక్కేస్తారు. ఎనిమిది కోర్ల యంత్రానికి 1,90,000 డాలర్లు. ఆపైన సహాయం కోసం ఏటా 22 శాతం, అంటే 41,800 డాలర్లు. బేరమాడితే తగ్గుతుంది, నిజమే. చిన్న రకాలూ ఉన్నాయి. కాని ఏటేటా కట్టే ఆ సొమ్ముని మొదటిరోజే లెక్కలోకి తీసుకోవాలి.

మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ 1989లో సైబేస్‌తో కలిసి మొదలైనది. 2017 నుంచి లినక్స్ మీద కూడా నడుస్తోంది. దాని ఎక్స్‌ప్రెస్ రకం ఉచితం. పరిమాణానికి హద్దులున్నా చిన్న కొట్టుకి సరిపోతుంది. హద్దు దాటిన రోజున మాత్రం కోర్ల లెక్కన చెల్లించాలి. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పరిశోధన. 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న పేరు వచ్చింది. దీన్ని ఏ ఒక్క కంపెనీ కొనెయ్యలేదు. మైఎస్‌క్యూఎల్ సంగతి అలా కాదు. 2008లో సన్ కంపెనీ దాన్ని కొంది, 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ కొంది. మైఎస్‌క్యూఎల్ సృష్టికర్తలలో ఒకరైన విడేనియస్ 2009లోనే మరియాడీబీ అని వేరు కాపురం పెట్టాడు. పోస్ట్‌గ్రెస్‌కీ ఒక లోటుంది. మార్చిన ప్రతి వరస పాత ప్రతీ పట్టికలోనే ఉండిపోతుంది. ఎప్పటికప్పుడు ఊడ్చే ఏర్పాటు దానిలోనే ఉంది కాని, పని పెరిగితే ఆ ఊడుపు మీద ఒక కన్ను వెయ్యాలి. లైసెన్సు ఉచితమంటే మనిషి ఖర్చు ఉండదని కాదు.

మన పేర్లతో ఒక పరీక్ష చెబుతాను. "శ్రీనివాస్" కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో పది సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున 30 బైట్లు. పేరుకి 20 చోట్లు కేటాయిస్తే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ సంకేతాలు లెక్కపెడతాయి కనుక పేరు పడుతుంది. ఒరాకిల్ మనం వేరేగా చెప్పకపోతే బైట్లు లెక్కపెట్టి పట్టదంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎన్‌వార్‌చార్ అనే రకం వాడి, పేరు ముందు ఎన్ అనే అక్షరం పెట్టాలి. పెట్టకపోతే సాధారణంగా శ్రీనివాస్ గారు వరసగా ప్రశ్నార్థకాలైపోతారు. సాఫ్ట్‌వేరు కొనే ముందు తెలుగులో ఒక పేరు ఎక్కించి, తిరిగి చూపించమనండి.

అన్నిటికంటె ముఖ్యమైనది బయటికొచ్చే దారి. ఎస్‌క్యూఎల్ ఒకే భాష అంటాం కాని కోస్తా, రాయలసీమ, తెలంగాణ మాటల్లా దానికీ మాండలికాలున్నాయి. మొదటి పది వరసలు కావాలంటే ఒకచోట టాప్ అనాలి, ఇంకొకచోట లిమిట్ అనాలి. ఇవి పైపై తేడాలు. లోపలివి ప్రమాదకరం. ఒరాకిల్ ఖాళీ మాటనీ, తెలియని మాటనీ ఒకటిగా చూస్తుంది. ఇంటిపేరు లేని మనిషి, ఇంటిపేరు మనకి తెలియని మనిషి దాని దృష్టిలో ఒకటే. పోస్ట్‌గ్రెస్‌కి ఇద్దరూ వేరు. అక్కడ రాసిన ప్రోగ్రాము ఇక్కడికి తెస్తే ఏ తప్పూ చూపించకుండా లెక్క తేడా వస్తుంది. నేనెరిగిన ఒక మధ్యతరహా సంస్థ, వేలకొద్దీ పంక్తుల ప్రోగ్రాములు ఒకే డేటాబేసు మాండలికంలో రాసుకుని, మారే ఖర్చుకి జడిసి ఏటేటా పెరిగే రుసుము కడుతూ వచ్చింది. చివరికి ఆ భారానికి ఇద్దరి ఉద్యోగాలు పోయాయి.

కనుక నా సలహా ఇది. మీరు కొనే లెక్కల సాఫ్ట్‌వేరు ఫలానా డేటాబేసే కావాలంటే వాదన అనవసరం, అదే తీసుకోండి. ఒక్క యంత్రం మీద ఒక్కరే చేసుకునే చిన్న పనికి ఎస్‌క్యూలైట్ చాలు. మీ ప్రోగ్రాములు మీరే రాయించుకుంటుంటే పోస్ట్‌గ్రెస్‌తో మొదలుపెట్టండి. మీ దగ్గర ఉన్నవాళ్ళంతా మైక్రోసాఫ్ట్ పనిలో ఆరితేరినవాళ్ళయితే ఎస్‌క్యూఎల్ సర్వర్ తీసుకోండి. తెలిసిన మనిషి దొరకడం కూడా ధరలో భాగమే. ఏది తీసుకున్నా నెలకొకసారి నకలు ప్రతిని వేరే యంత్రం మీదకి ఎక్కించి, నిన్నటి అమ్మకాలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. అమ్మేవాళ్ళని ఒక్క మాట అడగడం మరిచిపోకండి: "రేపు నేను వెళ్ళిపోదలుచుకుంటే నా లెక్కలు నేను ఎలా పట్టుకుపోవాలి?" దానికి సూటిగా జవాబు చెప్పలేనివారికి మీ ఆవర్జా అప్పగించకండి.