రొట్టె ఎవరి చేతిలో?

మింజూరు దాటి ఉత్తరానికి వెళితే పులికాట్. 1613లో డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. అప్పటికే ఆ తీరంలో పోర్చుగీసు కేథలిక్కులున్నారు. ఇద్దరూ క్రీస్తునే కొలిచారు గానీ, సంస్కారపు రొట్టె దగ్గర దారులు వేరయ్యాయి. కేథలిక్కులకు అది క్రీస్తు శరీరమే. డచ్చి సంఘానికి రొట్టె రొట్టెగానే ఉంటుంది; ప్రభువు శరీరం పరలోకంలో ఉంది, విశ్వాసి ఆత్మ ద్వారా ఆయన్ని అందుకుంటాడు.

కేథలిక్ వాదానికి తాత్విక పునాది అరిస్టాటిల్. మన తర్కశాస్త్రం తెలిసినవారికి ఇది పట్టుబడుతుంది: ద్రవ్యం వేరు, దాన్ని ఆశ్రయించిన రంగు, రుచి, వాసన వేరు. గురువు ప్రభువు మాటలు పలికినప్పుడు రొట్టె ద్రవ్యం క్రీస్తు శరీరంగా మారుతుంది, గుణాలు మాత్రం నిలుస్తాయి అన్నాడు 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్. నాలుకకు గోధుమ రుచే తగులుతుంది. మరి ఆశ్రయం పోయాక గుణాలెలా నిలుస్తాయి? దైవశక్తి వల్ల, అని ఆయనే జవాబు చెప్పుకున్నాడు. 1551లో ట్రెంట్ మహాసభ ఈ బోధను ఖాయం చేసింది. లూథర్ ఈ తర్కాన్ని ఒప్పుకోలేదు. అయినా రొట్టెతోపాటే ప్రభువు శరీరం నిజంగా ఉంటుందన్నాడు. 1529లో మార్‌బర్గ్‌లో రొట్టె గుర్తు మాత్రమేనన్న స్విస్ సంస్కర్త జ్వింగ్లీ ఎదుట బల్లమీద సుద్దతో ‘ఇది నా శరీరం’ అన్న క్రీస్తు మాట రాసి, దాని మీంచి కదల్లేదు.

రొట్టె మారుతుందంటే, ఏ చేతుల్లో మారుతుందన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అపొస్తలుల నుంచి పరంపరగా వచ్చిన బిషప్పు తలపై చేతులుంచి చేసే హస్తనిక్షేపణ లేని పాస్టరు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా? తెలుగు సంఘాలను కలచివేసింది ఈ ప్రశ్నే.

దోర్నకల్ బిషప్ అజరయ్య 1919 తరంగంబాడి సమావేశం నుంచీ సంఘాల ఐక్యత కోసం పాటుపడ్డారు. దాన్ని చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ పాస్టర్లను మళ్లీ హస్తనిక్షేపణ అడగకుండానే ఆంగ్లికన్లతో సమానంగా చేర్చుకున్నారు. ఇంగ్లండులో కవి ఎలియట్ ఈ పథకాన్ని 1943లోనే గట్టిగా ఖండించారు. గుంటూరు లూథరన్లు చేరలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది కూడా బయటే ఉండిపోయారు.

నంద్యాలవారిది మొండితనమంటే నేనొప్పుకోను. రొట్టెలో ప్రభువే ఉన్నాడని నమ్మినవాడికి, దాన్ని అందించే చేతి విషయం చిన్నదెలా అవుతుంది? కొత్త సంఘం కూడా ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. ఇకపై ప్రతి పాస్టరుకూ బిషప్పే హస్తనిక్షేపణ చేయాలని నియమం పెట్టుకుంది. 1975లో నంద్యాల వచ్చి చేరేనాటికి, ఆ నియమం కింద అభిషేకం పొందిన ఒక తరం పాస్టర్లు బల్ల దగ్గర నిలబడుతున్నారు.