మీకు తెలుసా? మినీ ఎక్స్‌కవేటర్ సైజు గేటు దగ్గరే తేలుతుంది

ఖాళీ స్థలంలో పునాదులు తీయడానికి జేసీబీ పిలవడం పెద్ద పనేం కాదు. నాలుగువైపులా దారి, ఎటు తిరిగినా జాగా. అసలు చిక్కు ఇల్లు లేచాక మొదలవుతుంది. వెనకవైపు సంపు తవ్వాలి, నిండిపోయిన సెప్టిక్ ట్యాంకు పక్కన ఇంకోటి వేయాలి, కాంపౌండు గోడ వెంట డ్రైనేజీ పైపు లాగాలి. పెద్ద బండి గేటు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు మేస్త్రీ "మినీ హిటాచీ తెప్పిద్దాం సార్" అంటాడు, అంటే మినీ ఎక్స్‌కవేటర్. తెప్పించొచ్చు. కాకపోతే మినీల్లోనూ టన్ను లోపు నుంచి ఆరు టన్నుల దాకా రకాలున్నాయి. వాటిలో ఏది మన వాకిట్లోకి రావాలో తేల్చే సంగతులు కొన్ని ఇవి.

కొన్ని మినీలు చైన్లను లోపలికి ముడుచుకుంటాయి. 1.7 టన్నుల తరగతిలో కుబోటా యూ17 లాంటి బండ్లకు ఈ ఏర్పాటు ఉంటుంది. పని చేసేటప్పుడు వెడల్పు 1.24 మీటర్లు. లివర్ లాగితే చైన్లు దగ్గరకు జరిగి 99 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల మూడంగుళాలు అవుతుంది. మూడున్నర అడుగుల సందులో పడుతుంది, మూడడుగుల సందులో పడదు. లోపలికి వెళ్లాక చైన్లు మళ్లీ విప్పించి, ఆ తర్వాతే తవ్వించాలి. ముడిచిన చైన్ల మీద బూమ్, అంటే బకెట్‌ను మోసే పొడవాటి చెయ్యి, పక్కకు తిప్పితే బండి ఒరిగే ప్రమాదం ఉంది.

ఇంకా చిన్నవి, టన్నుకు అటూఇటూ బరువుండేవి, 70 సెంటీమీటర్లకు ముడుచుకుంటాయి. గుమ్మంలోంచి కూడా వెళ్లిపోతాయి కానీ తవ్వే లోతు సాధారణంగా ఆరడుగులకు మించదు. మూడున్నర టన్నుల బండికి మీటరున్నర నుంచి 1.7 మీటర్ల దారి కావాలి. ఐదు టన్నులదానికి దాదాపు రెండు మీటర్లు. మనం రోజూ చూసే జేసీబీ బ్యాక్‌హో లోడర్ ఏడడుగులు దాటిపోతుంది.

టేపు పట్టుకుని గేటు ఒక్కటే కొలిచి ఊరుకుంటే లాభం లేదు. రెండు రెక్కలూ తెరిచాక మిగిలే ఖాళీ ఎంత? కింద గడియ కోసం పాతిన ఇనప ముక్క ఎక్కడుంది? ఇంటి పక్క సందులో కరెంటు మీటరు డబ్బా, ఏసీ బయటి యూనిట్, గోడ వెంట దిగిన పైపులు, మెట్ల మొదటి పలక, వీటన్నిటిలో ఇరుకైన చోటే అసలు కొలత. పైకి కూడా చూడాలి. పందిరి ఉన్న 1.7 టన్నుల బండి ఎత్తు దాదాపు ఎనిమిదడుగులు. కిటికీ సన్‌షేడ్‌కు తగిలేది అదే. దారంతా వీడియో తీసి బండి యజమానికి పంపితే సగం గొడవ తగ్గుతుంది.

కాగితం మీద రాసిన లోతు మొత్తం మన చేతికి రాదు. 1.7 టన్నుల బండి తవ్వే గరిష్ఠ లోతు సుమారు 2.3 మీటర్లు, అంటే ఏడున్నర అడుగులు అని రాసి ఉంటుంది. ఏడడుగుల గుంతకు సరిపోతుందని లెక్కేసుకుంటాం. ఆ ఏడున్నర అడుగులూ బూమ్, ఆర్మ్ పూర్తిగా కిందికి దిగినప్పుడు బకెట్ పంటి మొన తాకే ఒక్క చోటు మాత్రమే. గుంత అడుగంతా సమంగా చదును చేయాలన్నా, మూలలు నిటారుగా తీయాలన్నా అంత లోతు రాదు. మిగిలిన అడుగు ఇద్దరు కూలీలు గడ్డపారలతో తీయాల్సి వస్తుంది, ఆ కూలి బండి కిరాయి పైన అదనం. కావలసిన లోతు కంటే కనీసం అడుగున్నర ఎక్కువ తవ్వగలిగే బండిని అడగడం మేలు. ఎనిమిదడుగుల సెప్టిక్ ట్యాంకుకు మూడు నుంచి మూడున్నర టన్నుల బండి కావాలి. అది పట్టే దారి లేకపోతే ట్యాంకు లోతు తగ్గించి పొడుగు పెంచమని ఇంజనీరును అడగడం నయం.

గోడను ఆనుకుని తవ్వడంలో మినీకి ఉన్న వెసులుబాటు పెద్ద బండికి లేదు. పెద్ద ఎక్స్‌కవేటర్‌లో బూమ్ ఎటు తిరగాలన్నా పైభాగమంతా తిరగాలి. మినీలకు మాత్రం బూమ్ మొదట్లో ఇంకో మడత ఉంటుంది. దాంతో బూమ్ ఒక్కటే కుడికో ఎడమకో జరుగుతుంది. చైన్లు గోడకు సమాంతరంగా నిలబెట్టి, గోడ వెంబడే పైపు కాలువ తీసుకుంటూ వెనక్కి పోవచ్చు.

మినీలు పుట్టింది జపాన్‌లో. యన్మార్ 1968లో, తకెయుచి 1971లో తమ మొదటి బండ్లు తెచ్చాయి. ముందెవరన్న వాదులాట వాళ్లది. 1993లో యన్మార్ తెచ్చిన రకంలో తిరిగేటప్పుడు వెనక భాగం చైన్ల వెడల్పు దాటి బయటకు రాదు. సందులో పని చేసేటప్పుడు ఆపరేటర్ చూపు బకెట్ మీద ఉంటుంది, గోడకు గీసుకునేది వెనక భాగం. తోక బయటకు రాని ఈ రకానికి కొంచెం ఎక్కువ కిరాయి అడిగినా ఇరుకు చోట్ల ఇవ్వొచ్చు. ఖాళీ జాగాలో ఆ అదనం దండగ. పైగా అంతే బరువున్న మామూలు రకం సాధారణంగా కాస్త ఎక్కువ బరువు లేపుతుంది.

తవ్విన మట్టి గుంతలో ఉన్నదానికన్నా ఎక్కువవుతుంది. బండి సైజు మాట్లాడేటప్పుడు ఎవరూ ఎత్తని విషయం ఇదే, డబ్బు ఎక్కువ కారిపోయేదీ ఇక్కడే. లోపల 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు ఉండే సంపు అనుకోండి. గోడలకీ, అడుగున బెడ్‌కీ కలిపి గుంత 10 × 8 × 7 తీయాలి. అది 560 ఘనపుటడుగులు. గట్టిగా అణిగి ఉన్న మట్టి బయటకు రాగానే వదులై పొంగుతుంది. మామూలు నేలలో పాతిక శాతం పొంగినా 700 ఘనపుటడుగులు. నల్లరేగడి ఇంకా ఎక్కువ పొంగుతుంది, రాయి అయితే సగానికి సగం.

ట్రాక్టర్ ట్రక్కులో సుమారు వంద ఘనపుటడుగులు పడతాయి, అంటే ఏడు ట్రక్కులు. 1.7 టన్నుల బండి బకెట్‌లో పట్టేది 0.04 ఘనపు మీటరు. ఆ మట్టికి అలాంటి బకెట్లు ఐదువందలు కావాలి. నిమిషానికి మూడు చొప్పున ఆగకుండా తీసినా రెండు ముప్పావు గంటలు. సర్దుకోవడాలు, ట్రాక్టర్ కోసం ఆగడాలు కలిపితే నాలుగైదు గంటలకు తేలుతుంది. జేసీబీ వెనక బకెట్ 0.26 ఘనపు మీటరు, 77 బకెట్లతో గంటలోపు ముగిస్తుంది. కాబట్టి దారి ఉన్నచోట మినీ పిలవడం తెలివైన పని కాదు. దారి లేనప్పుడే దాని విలువ.

మట్టి ఎక్కడ పోస్తారు అన్నది మొదటి ప్రశ్న కావాలి. వెనక పెరట్లో తీసిన మట్టి పక్క సందులోంచి వీధిలోకి రావాలంటే, అదే బండి ప్రతిసారీ బకెట్‌తో మోసుకొస్తే సాయంత్రం దాటిపోతుంది. ఇద్దరు తట్టలతో మోయాలి, లేదా బేస్‌మెంట్ ఫిల్లింగుకు అక్కడే వాడేయాలి. ఇంకోటి: 1.7 టన్నుల బండి బకెట్ ఎనిమిదడుగుల ఎత్తు దాకానే లేపి పోయగలదు. ట్రాక్టర్ ట్రక్కుకు చాలు, ఎత్తు గోడల టిప్పర్‌కు అందదు.

గంట కిరాయి తక్కువైనంత మాత్రాన బిల్లు తక్కువ కాదు. జేసీబీ లాంటి టైర్ బండి ఊరి చివర నుంచి తనంతట తానే నడిచొస్తుంది. చైన్ బండి వేగం గంటకు రెండు నుంచి నాలుగు కిలోమీటర్లు, దాన్ని లారీ మీద తేవాలి, తీసుకుపోవాలి. రెండు వైపులా రవాణా, కనీసం ఇన్ని గంటలు అన్న షరతు, ఆపరేటర్ బత్తా, ఇవి ఫోన్లో చెప్పిన రేటులో ఉండవు. డీజిల్ ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి.

బండి దిగగానే అవర్ మీటర్ ఫొటో తీసుకోండి. సీటు దగ్గర చిన్న నల్ల గళ్లలో అంకెలు కనిపిస్తాయి. చాలా బండ్లలో చివరి గడి గంటలో పదో వంతు, అంటే ఒక్కో అంకె మారడానికి ఆరు నిమిషాలు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఫోన్ మాట్లాడుతున్నా అది తిరుగుతూనే ఉంటుంది. ట్రాక్టర్ వచ్చేదాకా ఇంజిన్ ఆపమని ఆపరేటర్‌కు మొదట్లోనే చెబితే గొడవ ఉండదు. టీ కూడా ఇప్పించండి, పని మీద శ్రద్ధ పెరుగుతుంది.

నడిచే మనిషి పాదం కన్నా మినీ చైను నేలను తక్కువ నొక్కుతుంది. 1.7 టన్నుల బండి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 కిలోల బరువే మోపుతుంది. 70 కిలోల మనిషి అడుగు వేసేటప్పుడు ఒంటికాలి మీద పడేది అంతకన్నా ఎక్కువ. కోనసీమ లాంటి మెత్తటి నేలల్లో, టైర్ బండి కూరుకుపోయే చోట చైన్ బండిని పిలిచేది ఇందుకే. అయితే నిలుచున్న చోటే గిర్రున తిరిగితే రబ్బరు చైన్లయినా పార్కింగ్ టైల్స్‌ను లేపేస్తాయి. దారంతా ప్లైవుడ్ పలకలు పరవండి.

రాయి తగిలితే లెక్కలన్నీ మారిపోతాయి. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. రెండడుగుల మొరం కిందే పలక రాయి బయటపడడం అక్కడ మామూలే. రాయి పగలగొట్టడానికి బండికి తగిలించే బ్రేకర్ బరువు బండి బరువులో సుమారు పదో వంతు లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. రెండు టన్నుల బండి మోసేది 150 నుంచి 200 కిలోల బ్రేకరే. పాత సిమెంటు నేల, ఇటుక గోడ పగులుతాయి, గ్రానైట్ గుండు పగలదు. రాయి ఉందని అనుమానం ఉంటే ముందు రోజు ఇద్దరు కూలీలతో నాలుగడుగుల గుంత తీయించి చూడండి. ఇసుక నేలలో ఇబ్బంది వేరు: గట్లు నిలవవు, గుంత వెడల్పు పెరిగిపోతుంది. ఏ నేలలోనైనా ఐదడుగులు దాటిన గుంతలోకి ఆసరా చెక్కలు కట్టకుండా మనిషిని దింపకండి. ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది.

ఇదే బండితో పీకించే చెట్టు మొద్దుల్లో కొబ్బరి తేలిక. దానికి తల్లివేరు ఉండదు. చుట్టూ పీచు వేళ్లు కోసుకుంటూ వస్తే చిన్న బండికీ లొంగుతుంది. ముదిరిన వేప మొద్దు అలా కాదు.

మన దేశంలో తవ్వే ముందు చెప్పుకోవడానికి ఒక యాప్ ఉంది. 'కాల్ బిఫోర్ యు డిగ్' పేరుతో 2023 మార్చి 22న ప్రధాని దీన్ని ప్రారంభించారు. భూమిలోని కేబుళ్లు, పైపులు ఎవరివో వాళ్లకు కబురు అందేలా చేసిన ఏర్పాటు. వీధి వైపు తవ్వకాలకు పనికొస్తుంది. కాంపౌండు లోపల బోరు మోటారు కేబుల్, నల్లా పైపు ఎక్కడ పోతున్నాయో చెప్పాల్సింది పాత ప్లంబరే. పైన కూడా చూసుకోండి. బూమ్ పూర్తిగా లేపితే 1.7 టన్నుల బండి బకెట్ పదకొండున్నర అడుగులకు చేరుతుంది, స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు తరచూ అంత ఎత్తులోనే వేలాడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు 811 నంబరు తెలిసే ఉంటుంది. పెరట్లో కంచె గుంతకైనా ముందు అక్కడికి ఫోన్ చేయాలి. అక్కడ బండిని ఆపరేటర్ లేకుండానే అద్దెకిస్తారు, ఒక రోజు అంటే సాధారణంగా మీటర్ మీద ఎనిమిది గంటలు. ట్రైలర్ మీద లాక్కెళ్లేది కూడా మనమే కాబట్టి, సొంత వాహనం ఎంత బరువు లాగగలదన్నది కూడా బండి సైజును నిర్ణయిస్తుంది.

ఒకే బండికి బకెట్లు రెండు మూడు ఉంటాయి. నలభై అడుగుల పొడవున రెండడుగుల లోతు పైపు కాలువకు అడుగు వెడల్పు బకెట్ వాడితే తీసేది 80 ఘనపుటడుగుల మట్టి. రెండడుగుల బకెట్‌తో అదే పని చేస్తే 160. తీయడానికీ రెట్టింపు, పూడ్చడానికీ రెట్టింపు, వానాకాలంలో కుంగే వెడల్పూ రెట్టింపు. పూడ్చి చదును చేయడానికి పళ్లు లేని వెడల్పాటి బకెట్ వేరే ఉంటుంది. ఇవి చాలామంది యజమానుల దగ్గర ఉంటాయి, అడగకపోతే షెడ్డులోనే వదిలేసి వస్తారు. బండి బుక్ చేసే ఫోన్లోనే అడుగు వెడల్పు బకెట్ కూడా లారీ ఎక్కించమని చెప్పండి.