కడపటి బాణము

ఇంగ్లండు పానశాలలలో పెరిగి పెద్దదైన డార్ట్సు ఆటను మన శ్రోతలలో పలువురు చూచియుండరు. మూడు చిన్న బాణములు, గోడకు తగిలించిన గుండ్రని పలక: సామగ్రి ఇంతే. ఆటగాడు 7 అడుగుల 9¼ అంగుళముల దూరమున నిలిచి, 501 అను అంకెను సరిగా సున్నకు దింపవలెను. కడపటి బాణము మాత్రము పలక అంచుననున్న 'డబుల్' వలయమున గాని, నట్టనడుమ 'బుల్' అను చుక్కయందు గాని నాటవలెను. ఆ వలయము వెడల్పు 8 మిల్లీమీటర్లు. లెక్క మించెనా, ఆ వంతు విసరినదంతయు వృథా. వేలకొలది ప్రేక్షకుల యెదుట ఆటగాండ్రు తలవంచుకొనునది సాధారణముగా ఇచ్చటనే.

1992 ప్రపంచ పోటీ తుది ఆటలో మైక్ గ్రెగరీ, ఫిల్ టేలర్ చెరి ఐదు సెట్లు గెలిచి సమముగా నిలిచిరి. చివరి సెట్టున గ్రెగరీకి బిరుదు దక్కించుకొనుటకు ఆరు బాణములు దొరకినవి. ఆరును తప్పినవి. టేలర్ గెలిచెను. గ్రెగరీ చేతకానివాడా? 1987, 1988లలో వరుసగా 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' పోటీ గెలిచినవాడు! ప్రపంచ బిరుదు మాత్రము అతనికి ఎన్నడును దక్కలేదు.

1983 తుది ఆటలో ఎరిక్ బ్రిస్టో చేసినది వేరొక తీరు. అతనికి 50 మిగిలియున్నది. చేత ఒకే బాణము. బుల్ కొట్టినచో ఆట నిలిచెడిది. ప్రత్యర్థి కీత్ డెల్లర్ 138ని మూడు బాణములతో ముగింపజాలడని తలచి, బ్రిస్టో 18 కొట్టి, సులువైన 32ను మిగుల్చుకొనెను. డెల్లర్ మూడు బాణములతోనే ముగించెను. లోకము నవ్వినది గాని, ఆ లెక్క తెలివితక్కువదని మేము అనజాలము.

తరువాత అదే బ్రిస్టోకు బాణము వ్రేళ్లను వీడని వింత అవస్థ కలిగినది. దానిని 'డార్టైటిస్' అందురు. అభ్యాసముచే తనంతట సాగు కదలికను మనస్సు అడుగడుగున పరిశీలింపబూనిన, చేయి తడబడును. మైకు ముందు కూర్చుండువారికి ఇది క్రొత్త సంగతి కాదు. నిత్యము పలుకు ఊరిపేరే, తప్పరాదనుకొన్న క్షణమున నాలుకకు అడ్డుపడును. బ్రిస్టో కోలుకొని మరల తుది ఆటలకు చేరెను గాని, 1986 తరువాత ప్రపంచ బిరుదు అతనికి రాలేదు.

అందరి కథయు ఇట్లే ముగియదు. 2024 తుది ఆటలో, 4–2 ఆధిక్యముతోనున్న 16 ఏండ్ల ల్యూక్ లిట్లర్ ఐదవ సెట్టు కొరకు 'డబుల్ 2'పై విసరి తప్పెను. ల్యూక్ హంఫ్రీస్ వరుసగా ఐదు సెట్లు గెలిచి బిరుదు కొనిపోయెను. 2025 జనవరి 3న లిట్లర్ అదే వేదికపై మైకేల్ వాన్ గెర్వెన్‌ను 7–3తో ఓడించెను.