ఉపమానానికి అందని జబ్బు

అవినీతి కేన్సర్, కులతత్వం కేన్సర్, దోపిడీ కేన్సర్. మన కథల్లో, కవితల్లో ఈ ఉపమానం ఎంత అలవాటైపోయిందో చెప్పనక్కరలేదు. నేనూ వాడాను. నా కథ చదివి మా అక్క, “రేపు నాకు బిళ్ళ కడితే నన్నూ సంఘద్రోహుల్లో కలుపుతావట్రా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం.

అక్కకు నోరూ కళ్ళూ ఎండిపోతాయి. నీళ్ళు తాగకుండా ముద్ద దిగదు. స్వీడన్ కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వివరంగా వర్ణించిన జబ్బు అది. రోగనిరోధక కణాలే లాలాజల, కన్నీటి గ్రంథులను దెబ్బతీస్తాయి. మెడలోనో చంకలోనో బిళ్ళ కట్టి తగ్గకపోతే వెంటనే రమ్మన్నారు డాక్టరు. ఈ రోగుల్లో కొద్దిమందికి లింఫోమా, అంటే లింఫ్ కణాల కేన్సర్, వస్తుంది. ఈ రెండు జబ్బులకూ చుట్టరికమేమిటి?

ప్రతిరక్షకాలను తయారుచేసేవి బి కణాలు. లెక్కలేనన్ని క్రిములను గుర్తుపట్టడానికి అవి లెక్కలేనన్ని రకాలుగా పుడతాయి. కనుక సొంత దేహాన్నే పరాయిదనుకునేవీ వాటిలో ఉంటాయి. అలాంటివి చాలావరకు తొలిదశలోనే నశిస్తాయి. మిగిలినవి బతకాలంటే బయటి నుంచి సంకేతం అందాలి. 1999లో కనుగొన్న బాఫ్ అనే ప్రోటీను అలాంటి సంకేతమే. అది కణం పైపొరను తాకితే “బతుకు” అన్న ఆజ్ఞ లోపలికి వెళ్తుంది. బాఫ్ పరిమితంగా ఉంటే స్వదేహాన్ని పట్టుకునే కణాలు పోటీలో ఓడిపోతాయి. ఎక్కువైతే అవీ బతికిపోతాయి. బాఫ్ ఎక్కువగా తయారయ్యేట్టు మార్చిన ఎలుకల్లో లూపస్, షోగ్రెన్ వంటి జబ్బులు కనిపించాయి. చావవలసిన కణాలు ఏళ్ళ తరబడి విభజన చెందుతుంటే జన్యుదోషాలు పోగుపడతాయి. కేన్సర్‌కు దారి అక్కడ ఏర్పడుతుంది.

ఒక్కోసారి సంకేతం లేకుండానే ఆజ్ఞ నడుస్తుంది. క్రిమి జాడ తెలిసినప్పుడు ఆ కబురును కణం లోపలికి చేరవేసే ప్రోటీను మైడ్88. దాని జన్యువులో ఒక్క అక్షరం మారి, 265వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరితే, క్రిమి లేకపోయినా కబురు ఆగదు. వాల్డెన్‌స్ట్రామ్ అనే లింఫోమా రోగుల్లో నూటికి 90 మందికి పైగా ఈ దోషం ఉందని 2012లో తేలింది. ప్రూఫులు దిద్దే మనకు ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో వేరే చెప్పాలా?

మరి ఇందులో శత్రువెవరు? బాఫ్ లేకపోతే ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలే కొరవడతాయి. అందుకే 2011లో అమెరికాలో లూపస్‌కు అనుమతి పొందిన బెలిముమాబ్ మందు బాఫ్‌కు అడ్డుపడి కొందరికి మేలు చేసినా, అంటురోగాల విషయంలో జాగ్రత్త తప్పదు. మనల్ని కాపాడే సంకేతమే మోతాదు మించితే ముప్పు అవుతోంది. ఇందులో ద్రోహం లేదు.

దోపిడీ అలాంటిది కాదు. దానికి చేసేవాడున్నాడు, లాభం లెక్కపెట్టుకునేవాడున్నాడు. దాన్ని కేన్సర్ అనడంతో దోపిడీదారు ప్రకృతి చాటున దాక్కుంటాడు. రోగి మాత్రం ఏ నేరమూ లేకుండా బోనెక్కుతాడు. వాస్తవికత మన మార్గమనుకుంటే, దోపిడీని దోపిడీ అనే అందాం. కేన్సర్ మాటను రోగి బాధ చెప్పడానికి మిగుల్చుదాం.