రేడియో ఎంబొలైజేషన్

రేడియో ఎంబొలైజేషన్ అనేది కాలేయంలోని కణితులకు చేసే ఒక రకమైన రేడియేషన్ చికిత్స. ఇందులో రేడియోధార్మికత గల అతి సూక్ష్మమైన గోళికలను ఒక సన్నని గొట్టం ద్వారా కాలేయ ధమనిలోకి పంపిస్తారు. అవి రక్తంతో పాటు ప్రవహించి, కణితిలోని సన్నని రక్తనాళాలలో చిక్కుకొని, లోపలి నుండి కణితిపై వికిరణాన్ని ప్రసరింపజేస్తాయి. పొట్టను కోయవలసిన అవసరం ఉండదు. ఈ గోళికలలో ఎక్కువగా వాడే పదార్థం యిట్రియం-90. ఈ పద్ధతిని సెలెక్టివ్ ఇంటర్నల్ రేడియేషన్ థెరపీ అని, క్లుప్తంగా సిర్ట్ అని కూడా వ్యవహరిస్తారు.

కాలేయంలోనే పుట్టిన క్యాన్సరుకు, పెద్దప్రేగు వంటి ఇతర అవయవాల నుండి కాలేయానికి వ్యాపించిన క్యాన్సరుకు ఈ చికిత్సను ఉపయోగిస్తారు.

అవసరం

కణితిని శస్త్రచికిత్సతో తొలగించడం, లేదా కాలేయ మార్పిడి చేయడం కాలేయ క్యాన్సరుకు ముఖ్యమైన చికిత్సలు. కాని చాలామంది రోగులకు ఈ రెండూ సాధ్యపడవు. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, మద్యపానం, కాలేయంలో కొవ్వు పేరుకొనడం మొదలైన కారణాల వలన వారి కాలేయం అప్పటికే గట్టిపడి, సిరోసిస్ స్థితికి చేరి ఉంటుంది. అట్టి కాలేయంలో కొంత భాగాన్ని కోసివేస్తే మిగిలిన భాగం శరీర అవసరాలకు చాలకపోవచ్చు.

బయటి నుండి కిరణాలను ప్రసరింపజేయడంలో మరొక ఇబ్బంది ఉంది. ఒక కిలోగ్రాము కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే దానిని 1 గ్రే అంటారు. మొత్తం కాలేయానికి సుమారు 30 గ్రే మించి వికిరణం తగిలితే కాలేయమే దెబ్బతినే ప్రమాదం ఉంది. కణితిని నాశనం చేయడానికి ఇంతకంటె చాలా ఎక్కువ కావాలి. నేటి యంత్రాలు చిన్న కణితులపై కిరణాలను కేంద్రీకరించగలవు గాని, కణితి పెద్దదైనపుడు, లేదా అనేక చోట్ల ఉన్నపుడు ఆరోగ్యకరమైన భాగాన్ని కాపాడడం కష్టమవుతుంది.

ఆధారమైన సూత్రం

కాలేయానికి రెండు మార్గాల ద్వారా రక్తం అందుతుంది. జీర్ణనాళం నుండి వచ్చే కాలేయ నిర్వాహక సిర సుమారు నాలుగింట మూడు వంతుల రక్తాన్ని తెస్తుంది. మిగిలిన నాలుగవ వంతును కాలేయ ధమని అందిస్తుంది. ఆరోగ్యకరమైన కాలేయ కణజాలం ప్రధానంగా సిరపై ఆధారపడుతుంది. కణితులు మాత్రం తమకు కావలసిన రక్తంలో అత్యధిక భాగాన్ని ధమని నుండే గ్రహిస్తాయి. అందుచేత ధమనిలోకి పంపిన గోళికలలో ఎక్కువ భాగం కణితిని చేరుతుంది. చుట్టూ ఉన్న కాలేయానికి తక్కువ వికిరణం తగులుతుంది. ఈ చికిత్స అంతా ఈ ఒక్క భేదం మీదనే ఆధారపడి ఉంది.

యిట్రియం-90 బీటా కణాలను వెలువరిస్తుంది. ఇవి కణజాలంలో సగటున 2.5 మిల్లీమీటర్లు, గరిష్ఠంగా 11 మిల్లీమీటర్ల దూరం మాత్రమే ప్రయాణించగలవు. దీని అర్ధజీవిత కాలం సుమారు 64 గంటలు. కనుక 11 రోజులలో దాదాపు 94 శాతం వికిరణం వెలువడిపోతుంది. చివరకు యిట్రియం రేడియోధార్మికత లేని జిర్కోనియంగా మారుతుంది. గోళికలు మాత్రం శరీరంలోనే ఉండిపోతాయి.

చరిత్ర

యిట్రియం-90 గోళికలను ధమని ద్వారా పంపే ప్రయత్నాలు 1960 దశకంలోనే అమెరికాలో జరిగాయి. తొలినాటి గోళికలలో కొన్నింటి నుండి యిట్రియం విడివడి రక్తంలో కలిసి, ఎముకల మజ్జను దెబ్బతీసింది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1980 దశకంలో మిస్సోరీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు డెల్బర్ట్ డే, గేరీ ఎర్హార్ట్ యిట్రియంను గాజు నిర్మాణంలోనే ఒక భాగంగా చేశారు. ముందుగా సాధారణ యిట్రియంతో గాజు గోళికలను తయారుచేసి, తరువాత అణు రియాక్టరులో న్యూట్రాన్లతో తాడించి రేడియోధార్మికతను కలిగిస్తారు. గాజు కరగదు కనుక యిట్రియం బయటకు రాదు.

ఈ గాజు గోళికలకు, అనగా థెరాస్ఫియర్‌కు, అమెరికాలో 1999లో పరిమిత అనుమతి, 2021లో పూర్తి అనుమతి లభించాయి. ఆస్ట్రేలియాలో రూపొందిన సిర్-స్ఫియర్స్ అనే రెసిన్ గోళికలకు 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. గాజు గోళికల వ్యాసం 20 నుండి 30 మైక్రాన్లు, రెసిన్ గోళికలది 20 నుండి 60 మైక్రాన్లు. భారతదేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం భాభాస్ఫియర్ అనే పేరుతో గాజు గోళికలను స్వదేశీయంగా తయారుచేసింది.

చికిత్సా విధానం

చికిత్స రెండు దశలలో జరుగుతుంది.

మొదటిది పరీక్షా దశ. గజ్జ వద్ద గాని, మణికట్టు వద్ద గాని ధమనిలోకి కాథెటర్‌ను ప్రవేశపెట్టి, ఎక్స్-రే సాయంతో కాలేయ ధమని శాఖలను చిత్రిస్తారు. జీర్ణాశయానికి, చిన్నప్రేగుకు పోయే శాఖలు దగ్గరలో ఉంటే వాటిని తప్పించి కాథెటర్‌ను నిలుపుతారు, లేదా లోహపు చుట్టలతో వాటిని మూసివేస్తారు. తరువాత టెక్నీషియం-99ఎం కలిపిన ఆల్బుమిన్ కణాలను పంపి స్కానింగ్ చేస్తారు. కణితిలోని అసహజ రక్తనాళాల గుండా గోళికలు ఊపిరితిత్తులకు జారిపోయే అవకాశం ఉంది. ఎంత భాగం అలా పోతుందో ఈ పరీక్షలో తెలుస్తుంది. ఒక చికిత్సలో ఊపిరితిత్తులకు 30 గ్రే మించరాదన్నది సాధారణంగా పాటించే నియమం. ఆ పరిమితి దాటేటట్లయితే మోతాదును తగ్గిస్తారు, లేదా చికిత్సను విరమిస్తారు.

రెండవ దశలో, లెక్కకట్టిన మోతాదు ప్రకారం గోళికలను నెమ్మదిగా పంపుతారు. ఒక్క భాగానికే పరిమితమైన కణితికి ఆ భాగపు ధమనిలోకి మాత్రమే అధిక మోతాదును పంపవచ్చును.

దుష్ఫలితాలు, జాగ్రత్తలు

నీరసం, కడుపునొప్పి, వికారం, స్వల్ప జ్వరం సాధారణంగా కనిపించి తగ్గిపోతాయి. గోళికలు దారి తప్పితే జీర్ణాశయంలో పుండ్లు, పిత్తాశయంలో వాపు, ఊపిరితిత్తులలో వాపు కలుగవచ్చు. అరుదుగా కొన్ని వారాల తరువాత కామెర్లు, జలోదరం కనిపించి కాలేయం విఫలం కావచ్చును. అందుచేత కాలేయపు పనితీరు అప్పటికే బాగా క్షీణించినవారికి, గర్భిణులకు ఈ చికిత్స తగదు. చికిత్స పొందినవారు కొద్దిరోజులు చిన్నపిల్లలకు, గర్భిణులకు మరీ దగ్గరగా ఎక్కువసేపు ఉండరాదని వైద్యులు సూచిస్తారు.

ఫలితాలు

2021లో ప్రచురించిన లెగసీ అధ్యయనంలో, 8 సెంటీమీటర్లకు మించని ఒకే కణితి గల 162 మంది రోగులలో 88 శాతం మందికి కణితి తగ్గుముఖం పట్టింది. కాని ముదిరిన కాలేయ క్యాన్సరులో సొరాఫెనిబ్ మాత్రలతో పోల్చిన సారా (2017), సిర్వెనిబ్ (2018) పరీక్షలలో రోగుల ఆయుర్దాయం పెరిగినట్లు రుజువు కాలేదు. దుష్ఫలితాలు మాత్రం తక్కువగా ఉన్నాయి. 2021 నాటి డోసిస్ఫియర్-01 పరీక్షలో ప్రతి రోగికి విడిగా మోతాదును లెక్కకట్టినపుడు మధ్యగత జీవితకాలం 26.6 నెలలు కాగా, సాధారణ పద్ధతిలో అది 10.7 నెలలు. ఆ పరీక్షలో పాల్గొన్నవారు 60 మంది మాత్రమే.

దీనిని బట్టి రేడియో ఎంబొలైజేషన్ అందరికీ ఒకే విధంగా పనికివచ్చే చికిత్స కాదని తెలుస్తున్నది. కణితి పరిమాణం, కాలేయపు మిగులు శక్తి, మోతాదు లెక్క అనే మూడింటిపై ఫలితం ఆధారపడుతుంది. సరియైన రోగిని ఎంచుకొన్నపుడు ఇది కణితిని కుదించి, అంతకుముందు సాధ్యం కాని శస్త్రచికిత్సకు గాని, కాలేయ మార్పిడికి గాని మార్గం కల్పించగలదు.