ఫిడేలు మచ్చ, ఎర్ర డమరుకం

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లెనెక్సా అనే ఊళ్లో, ఒక పాత ఇంట్లో 2001లో ఆరు నెలలపాటు సాలెపురుగులను పట్టి లెక్కపెట్టారు. లెక్కపెట్టింది బ్రౌన్ రెక్లూజ్ అనే విషపు సాలీళ్లను. లెక్క 2,055కు చేరింది. ఆ ఇంట్లో నలుగురున్న కుటుంబం అప్పటికి 1996 నుంచి కాపురం ఉంటోంది. అధ్యయనం ముగిసేనాటికి వాళ్లలో ఒక్కరినీ అది కుట్టలేదు.

ఆ సాలీడు ప్రమాదకరమైనదే. కానీ మనిషి కనిపిస్తే మీదికి రాదు, చీకట్లోకి పారిపోతుంది. బట్టకూ ఒంటికీ మధ్య నలిగినప్పుడే కుడుతుంది. ఇది తెలిస్తే భయం సగం తగ్గుతుంది, జాగ్రత్త ఎక్కడ పడాలో కూడా తెలుస్తుంది.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉత్తర టెక్సస్ ఈ సాలీడుకు పుట్టిల్లు. ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి వద్దామని వెళ్లే అమ్మానాన్నలు ఊరికే కూర్చోరు. గరాజ్ సర్దుతారు, పెరట్లో వంగ, బెండ వేస్తారు, మూలనున్న పాత చెప్పుల్లో కాళ్లు పెడతారు. ఈ విషయాలు తప్పక తెలియాల్సింది వాళ్లకే.

మన ఇళ్లలో రాత్రిపూట గోడ మీద అరచేయంత సాలీడు కనబడితే కెవ్వుమంటాం. ఒక్కోసారి పొట్ట కింద తెల్లటి బిళ్ల లాంటి గుడ్ల సంచి పట్టుకుని తిరుగుతుంటుంది. చూడటానికి భయంకరమే గానీ దాని పని బొద్దింకలను తినడం. పెద్దదైతేనే ప్రమాదమన్న ఈ అంచనా అమెరికాలో దారి తప్పిస్తుంది. అక్కడ జాగ్రత్తపడాల్సిన రెండూ చిన్నవే.

మొదటిది బ్లాక్ విడో. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, గుండ్రటి పొట్ట, దాని అడుగున డమరుకం ఆకారంలో ఎర్రటి మచ్చ. మనకు ప్రమాదం ఆడదానితోనే. నేలకు దగ్గరగా అడ్డదిడ్డంగా, గట్టిగా గూడు అల్లుతుంది. నీటి మీటరు గుంత, కట్టెల మోపు, పెరట్లోని ప్లాస్టిక్ కుర్చీ అడుగు భాగం దానికి ఇష్టమైన చోట్లు. కుట్టాక కొంతసేపటికి కండరాలు, ముఖ్యంగా పొట్ట దగ్గరివి, పట్టేస్తాయి. చెమటలు పోస్తాయి. ప్రాణం పోవడం చాలా అరుదు. అయినా చిన్నపిల్లలు, పెద్దవాళ్ల విషయంలో ఆలస్యం చేయకూడదు.

బ్రౌన్ రెక్లూజ్‌ను గుర్తుపట్టడం ఇంకాస్త కష్టం. లేత గోధుమ రంగు, సెంటీమీటరు శరీరం, వీపు మీద ఫిడేలు ఆకారపు ముదురు మచ్చ. ఆ మచ్చ ఒక్కటే చూసి తేల్చేయకూడదు, అలాంటి గుర్తులు వేరే సాలీళ్లకూ ఉంటాయి. చాలా సాలీళ్లకు ఎనిమిది కళ్లుంటే దీనికి ఆరే, అవీ రెండేసి చొప్పున మూడు జతలు. ఫోన్ కెమెరాతో దూరం నుంచి జూమ్ చేసి చూడవచ్చు. కాళ్ల మీద చారలు గానీ పొట్ట మీద బొమ్మలు గానీ ఉంటే అది రెక్లూజ్ కాదు. కుట్టినప్పుడు చాలాసార్లు నొప్పే తెలియదు, గంటల తర్వాత మొదలవుతుంది. ఎక్కువ కాట్లు వాటంతటవే మానిపోతాయి. కొన్నింటిలో మాత్రం చర్మం చచ్చి పుండవుతుంది, మానడానికి వారాలు పడుతుంది.

చర్మం మీద పుండు లేస్తే చాలు, ఆ నేరం సాలీడు మీద మోపడం అక్కడ మామూలైపోయింది. కాలిఫోర్నియాలో బ్రౌన్ రెక్లూజ్ స్థిరపడనే లేదు, అయినా అక్కడా అదే కుట్టిందనే మాట వినిపిస్తుంది. ఈ అపోహ మీద ఏళ్ల తరబడి పనిచేసిన శాస్త్రవేత్త రిక్ వెటర్ చెబుతూ వచ్చింది కూడా ఇదే. అలాంటి పుండ్లలో చాలావరకు స్టాఫ్ బ్యాక్టీరియా వంటి ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చేవి. సాలీడనుకుని ఊరుకుంటే అసలు జబ్బు ముదురుతుంది. పురుగును కళ్లతో చూడకపోతే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇల్లు కాపాడుకోవడానికి ముందుగా చాలామందికి గుర్తొచ్చేది స్ప్రే. రెక్లూజ్ విషయంలో అది పెద్దగా పనిచేయదు. పొడుగు కాళ్ల మీద నడిచే ఈ పురుగు ఒంటికి నేల మీది మందు సరిగా అంటదు. పైగా ఇది చచ్చిన పురుగులనూ తింటుంది, తిండి లేకుండా నెలలు బతుకుతుంది. దాని బలహీనత వేరే ఉంది. నున్నటి గోడ ఎక్కలేదు. బాత్‌టబ్‌లో పడి బయటికి రాలేక చిక్కుకుపోయేది అందుకే. కాబట్టి అట్టపెట్టెలు తీసేసి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో సామాను పెట్టాలి. అట్టపెట్టెల సందులంటే దానికి ప్రాణం. మంచాన్ని గోడకు కాస్త ఎడంగా జరిపి, దుప్పటి అంచు నేలకు తగలకుండా చూడాలి. గోడల వెంట జిగురు అట్టలు పెడితే పురుగులు పడతాయి, ఏ గదిలో ఎక్కువున్నాయో కూడా తెలుస్తుంది. నేల మీద వదిలిన బట్టలు, గరాజ్‌లోని బూట్లు, తోటపని గ్లవుజులు దులపకుండా వేసుకోవద్దు.

తలుపు కింద రబ్బరు పట్టీ వేయించడం, కట్టెలు గోడకు ఆనించకపోవడం, గుమ్మం దగ్గర తెల్ల దీపానికి బదులు పురుగులను అంతగా రప్పించని పసుపు దీపం పెట్టడం కూడా మేలు చేస్తాయి. పండుగ ముందు బూజు దులిపే మన పద్ధతి అక్కడా పనికొస్తుంది. వాక్యూమ్ క్లీనర్‌తో గూళ్లు, గుడ్ల సంచులు లాగేస్తే సరి.

కుట్టిందని తెలిస్తే సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. కోయడం, నోటితో పీల్చడం, పసర్లు రాయడం వద్దు. వీలైతే పురుగును సీసాలో పట్టి తీసుకెళ్లాలి, నలిగిపోయినా ఫర్వాలేదు. ఊపిరి అందకపోతే అత్యవసర నంబరు 911. మిగతా సందర్భాల్లో 1-800-222-1222కు ఫోన్ చేయాలి. ఈ పాయిజన్ హెల్ప్ లైన్ అమెరికా అంతటా రోజంతా ఉచితంగా పనిచేస్తుంది, దుభాషి కావాలనీ అడగవచ్చు. పిల్లల ఇంటికి వెళ్లగానే ఈ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అతికించండి.